మూరెడు నూలు

జైనబి తప్పు మందు పోసింది. జ్వరం తగ్గి అప్పుడప్పుడే లేచి కూర్చుంటున్న ఓబులేసుకు చేదు నేలవేము కషాయం ఇవ్వాల్సింది పోయి, విరేచనానికి కాచిపెట్టిన సునాముఖి కషాయం ఇచ్చింది. జీవితమంతా రాళ్లు కొట్టిన మనిషి, మధ్యాహ్నానికి గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయాడు.

ప్రాణం పోలేదు. అంతవరకు అదృష్టం.

ఎర్రమల కొండల కింద ఉన్న చిన్న దర్గా అది. దాన్ని ఆనుకుని రోగుల సావిడి. రెండింటికీ పెద్ద దిక్కు మౌలమ్మ అవ్వ. దూదేకుల ఇంట పుట్టిన సూఫీ గురువు. ఆమె దగ్గర చేరినవాళ్లకు ముందు రోగుల సేవ, తర్వాతే జపం. శిష్యురాళ్లలో పెద్దది జైనబి. మందుల గది తాళంచెవి ఆమె నడుముకే వేలాడేది.

సావిడిలో ఎవరికి నిద్ర ముంచుకొస్తోందో వాళ్లకన్నా ముందు జైనబికి తెలిసేది. రెప్పపాటు సాగడం, చెప్పిన మాటే మళ్లీ చెప్పడం, చేతిలో గిన్నె కాస్త ఒరగడం. అంతే చాలు ఆమెకు.

"ఇంక పోవే పీరమ్మా. నీ రెప్ప లేచేదానికి కూలి అడుగుతాండాది" అని చిన్న శిష్యురాలిని తరిమేది. పీరమ్మ కాదనేది, గొణిగేది, చాప మీద ఒరిగీ ఒరగకముందే గురక పెట్టేది. జైనబి అంచనా ఏనాడూ తప్పలేదు.

తన సంగతి వేరనుకుంది జైనబి. జ్వరాలు ముమ్మరమైన ఆ రోజుల్లో అందరినీ వంతులవారీగా పడుకోబెట్టింది. తనకు మాత్రం వంతు పెట్టుకోలేదు.

ఓబులేసుకు గంజి తాగించి వచ్చి, మౌలమ్మ అవ్వ వసారాలో కూర్చుని జైనబిని పిలిచింది.

"నిద్రొచ్చిందా మే?"

"లేదవ్వా. బాగా మెలకువగానే ఉన్నా. సునాముఖి కుండకు కట్టిన ఎర్రగుడ్డ వెలిసిపోయింది. నేలవేము కుండకుండే తెల్లగుడ్డ మాదిరే కనపడ్డాది."

"ఎర్రగానే ఉండాది కదక్కా" అంది గుమ్మంలోంచి పీరమ్మ. జైనబి అటు తిరిగి చూసింది. పీరమ్మకు ఉన్నట్టుండి నీళ్లు తేవాలని గుర్తొచ్చింది.

అవ్వ తాళంచెవి అడుగుతుందని జైనబి భయం. అడిగితే ఇవ్వక తప్పదు. ఇచ్చేస్తే ఈ సావిడిలో తనెవరు? నడుము దగ్గర చెయ్యి తీయకుండా నిలబడింది.

"సరేలే" అంది అవ్వ. "రాట్నం తీసుకురా. నువ్వు వడకంగా చూసి శానా నాళ్లాయె."

జైనబి మనసు కొంచెం కుదుటపడింది. ఆమె వడికిన నూలంటే నేతగాళ్లు పేరు చెప్పి మరీ అడుగుతారు. ఇందులోనైనా తనను తప్పుపట్టేవాళ్లు లేరు. దూది ఏకులు ముందేసుకుని కూర్చుంది. అవ్వ పక్కనే కందికాయలు ఒలుస్తూ, మధ్యమధ్య ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంది. వసారాలో గాలి చల్లగా వీస్తోంది. రాట్నం ఆగకుండా తిరిగింది. ఏకులు అయిపోయాయి.

అవ్వ కదురు మీది నూలు కొస పట్టుకుంది. కళ్లు మూసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి మెల్లగా లాగసాగింది.

"ఈడ ఉన్నావు" అంది. "ఈడా ఉన్నావు."

వేళ్లు ఆగాయి.

"ఈడ లేవు."

"ఎక్కడికి పోతానవ్వా? నీ ముందరే కదా తిప్పతా ఉన్నా."

"చెయ్యి ఉండాది."

జైనబి ఆ నూలు తను అందుకుంది. సన్నగా, సాఫీగా సాగి సాగి ఒకచోట లావెక్కి దూది ఉండ కట్టింది. మరికొంచెం లాగింది. ఇంకో ఉండ. ఇంకొంత దూరంలో తెగిన పోగుకు వేసిన అతుకు. ఆ అతుకు వేసినట్టే ఆమెకు గుర్తులేదు.

"ఓబులేసు లేచి కూర్చున్నాడంట" అంది అవ్వ. "కడుపులో పాపమంతా జైనబమ్మ కడిగిపారేసిందని అందరితో చెప్పి నవ్వుతాండాడంట."

"ఎప్పుడు చెప్పినారు?"

"నీకే చెప్పినా. ఇందాక. ఊఁ కొట్టినావు."

జైనబి నూలు ఒళ్లో పెట్టుకుని ఆ ఉండలను మళ్లీ ఒకసారి తడిమి చూసింది. తర్వాత తాళంచెవి విప్పి అవ్వ ముందు పెట్టింది.

"ఇంతమంది నిద్ర కనిపెడతా. నాది నాకెందుకు తెలీలేదవ్వా?"

"నిన్ను కనిపెట్టేదానికి ఎవరు మేలుకోనుండారు?"

అవ్వ తాళంచెవి తీసి రాట్నం కదురుకు తగిలించింది. చేటలోని కందులు తీసుకుని లేచింది. "పో, పడుకో పో. పీరమ్మ ఉండాదిలే" అంటూ లోపలికి వెళ్లిపోయింది.

జైనబి పడుకుంది. తనకూ గురక వస్తుందని మర్నాడు పీరమ్మ చెబితే తెలిసింది. చెప్పేటప్పుడు పీరమ్మ ముఖంలో పండగే.

లేచి చూస్తే తాళంచెవి కదురు మీదే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. జైనబి రాట్నాన్ని ఎత్తి తెచ్చి మందుల గది గుమ్మం పక్కన పెట్టింది. తాళం తీసే ముందు ప్రతిసారీ మూరెడు నూలు వడకాలనుకుంది. కళ్లు మూసుకుని వేళ్ల మధ్య లాగి చూడాలి. సాఫీగా ఉంటే తాళం తీయాలి. ఉండ తగిలితే తాళంచెవి పక్కవాళ్లకిచ్చి వెళ్లి పడుకోవాలి.

ఊరి రెడ్డిగారి తల్లికి మందు కోసం వచ్చినవాళ్లు, ఇప్పుడు ఈ రాట్నమేందమ్మా అని విసుక్కున్నారు. జైనబి వడికి చూసుకున్నాకే లేచింది.

కొన్నేళ్లకు మౌలమ్మ అవ్వే జ్వరంతో మంచాన పడింది. జైనబి పక్కనుంచి కదల్లేదు. మందు వేళైంది. అవ్వకు జైనబి చేత్తోనే మందు పడాలని సావిడంతా అనుకుంది. జైనబికీ అదే కోరిక. వెళ్లి రాట్నం ముందు కూర్చుంది. మూరెడు వడికింది, కళ్లు మూసుకుని లాగింది. కళ్లు తెరిచి, తాళంచెవి పీరమ్మ చేతిలో పెట్టింది.

పీరమ్మ కషాయం తెచ్చి తాగించింది. అవ్వ ముఖం వికారంగా పెట్టి మింగింది.

"కటిక చేదు" అంది. "సరైన మందే."

వసారాలో గురక వినిపిస్తోంది.