హైమవతి టీచరు నీలి రొయ్యలు

భీమవరం చుట్టూ చెరువుల్లో రొయ్యల్ని పెంచేది అమ్ముకోవడానికి. జువాలజీ చెప్పి రిటైరైన హైమవతి టీచరు మాత్రం వరండాలో గాజు తొట్టె పెట్టి, గోరంత మంచినీటి రొయ్యల్ని రంగు కోసం పెంచేవారు. "కూరకి చాలవు కదండీ" అని పక్కింటాయన జాలిపడేవాడు. ఎవరేం అడిగినా ఆవిడ నేరుగా జవాబివ్వరు. చేతికేదో పని అప్పగిస్తారు.

ఆవిడ దగ్గర చదువుకున్న మణిమాల ఆ ఊళ్లోనే స్త్రీల చర్చావేదిక నడుపుతోంది. ఒక సాయంత్రం మండిపడుతూ వచ్చింది.

"టీచరు గారూ, మొగుణ్ణడిగితే గాని అర్జీ మీద సంతకం పెట్టని వాళ్లతో వేదిక నడిచేదెలా? ఆ సత్యవేణినే చూడండి. ఆరయ్యేసరికి ఆయనకి టిఫినంటూ బయల్దేరుతుంది. పైగా వచ్చినప్పుడల్లా వాళ్ల వీధిలోంచి ఇంకో బెదురుగొడ్డుని వెంటబెట్టుకొస్తుంది. వచ్చే సమావేశంలో ఇలాంటి వాళ్లందర్నీ తీసేద్దామనుకుంటున్నాం."

టీచరు గారు ఆమె చేతిలో చిన్న వల పెట్టారు. "అది దసరా వెళ్లాక చూద్దువుగాని. అందాకా ఈ నీలి రొయ్యల్ని చూసుకో. నీలం ఇంకా చిక్కబడాలి. పనికిరావనిపించిన వాటిని పెరట్లో సిమెంటు తొట్టెలో వెయ్యి."

ఏరివేతలో మణిమాలకి అప్పటికే అభిరుచి ఉంది. ప్రతి ఆదివారం వచ్చి, గాజుకి ముక్కు ఆనించి, కాస్త వెలిసినట్టు కనబడ్డ ప్రతిదాన్నీ పెరట్లోకి సాగనంపింది. దసరా నాటికి గాజు తొట్టె నగల కొట్టు అద్దంలా మెరిసింది. కానీ పిల్ల ఒక్కటీ లేదు. ఏ రొయ్య కడుపు కిందా గుడ్లు లేవు. టీచరు గారు ఏళ్ల తరబడి నిలిపిన వంశం తన చేతుల్లో ఆగిపోతుందేమోనని ఆమెకి భయం పట్టుకుంది.

"నీళ్లు తేడా చేశాయా, టీచరు గారూ?"

"నీళ్లకేం, బాగానే ఉన్నాయి. వీటిలో చిక్కటి రంగు ఆడవాటిది. మగవి వెలిసినట్టే ఉంటాయి. నువ్వు ఈ తొట్టెలో మగపురుగన్నది మిగల్చలేదు."

మణిమాల నోరు తెరిచింది. తర్వాత పకపకా నవ్వింది. "మనల్ని తిట్టేవాళ్లు అనేది ఇదే కదండీ, మనక్కావలసింది ఇదేనని!"

"అందుకే బయట చెప్పకు" అన్నారు టీచరు గారు.

ఇద్దరూ పెరట్లోకి వెళ్లారు. సిమెంటు తొట్టెలో నాచంతా కదులుతోంది. ఆమె తీసి పారేసిన ఆడవీ మగవీ కలిసి అక్కడ కాపురాలు పెట్టేశాయి. చీమ తలకాయంత పిల్లలు, లెక్కకందనన్ని. వాటిలో అక్కడక్కడా, గాజు తొట్టెలో కూడా కనబడనంత చిక్కటి నీలం. మణిమాల చాలాసేపు వంగి చూసింది.

"సత్యవేణి లాంటి వాళ్లని తీసేస్తే" అంది చివరికి, నడుం నిటారు చేసుకుంటూ, "మిగిలేది అచ్చం నాలాంటి వాళ్లమే కదండీ?"

"అవునమ్మా" అన్నారు హైమవతి టీచరు. "చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది."