గువ్వ వచ్చేదాకా

ఒకప్పుడు పసులపోలిగాడి తోక ఇప్పటిలా ఉండేది కాదు. తాటాకు విసనకర్రలా గుండ్రంగా, నల్లగా నిగనిగలాడేది. పసుల వెంట తిరిగే చిన్న పిట్టే గానీ, గేదె వీపెక్కి ఆ తోక విప్పాడంటే వాడి దర్జాయే వేరు.

ఒక ఎండాకాలం ఊరి వాగు ఎండిపోయింది. పోలిగాడుండే తుమ్మచెట్టు మీదే ఒక గువ్వ గూడు కట్టుకుంది. గూట్లో ఇంకా కళ్లు తెరవని పిల్లలు రెండు.

"పోలన్నా, నీళ్ల కోసం ఏటిదాకా పోవాలి. నేను వచ్చేదాకా పిల్లల్ని కాస్త చూస్తావా?" అని గువ్వ అడిగింది.

"వెళ్లిరా చెల్లీ. నువ్వు వచ్చేదాకా ఇక్కడే ఉంటా."

గువ్వ అటు వెళ్లిందో లేదో గాలిదుమారం లేచింది. ఆకాశమంతా ఎర్రమట్టి. మధ్యాహ్నం దాటినా గువ్వ జాడ లేదు. కింద గేదె నడుస్తుంటే గడ్డిలోంచి మిడతలు లేస్తున్నాయి.

"రారా పోలిగా, తిని పో" అని గేదె పిలిచింది. వాడి కడుపు కాలిపోతోంది. అయినా కదల్లేదు.

సాయంత్రం గద్ద వచ్చి ఎదురుకొమ్మ మీద వాలింది.

"ఇంకా కాపలా ఏంటిరా? పొద్దు గుంకుతోంది. అది ఇక రాదు. నీ మాట తీరిపోయింది, పో."

"ఎలా తీరుతుంది? వాన వెలిసేదాకా అంటే ఆఖరి చినుకు పడేదాకా. కడుపు నిండేదాకా అంటే ఆకలి తీరేదాకా. వచ్చేదాకా అంటే వచ్చేదాకానే. పొద్దు గుంకేదాకా అని నేను చెప్పలేదు."

గద్దకు ఒళ్లు మండింది. గూటి మీదికి దూకింది. పోలిగాడు బాణంలా లేచి దాని నెత్తిన పొడిచాడు. గద్ద వాడి తోకను గోళ్లతో ఒడిసిపట్టింది. వాడు ఒక్క గుంజు గుంజుకున్నాడు. నడిమి ఈకలన్నీ ఊడి గద్ద గోళ్లలోనే ఉండిపోయాయి. నొప్పికి వాడి కళ్లు బైర్లు కమ్మాయి. అయినా వెనక్కి తిరిగి, దాని కంటి పక్కనే మళ్లీ పొడిచాడు. గద్ద కొండ వైపు పారిపోయింది.

తెల్లారాక, రెక్కల నిండా దుమ్ముతో గువ్వ వచ్చింది. గూట్లోకి తొంగి చూసింది. పోలిగాడి వైపు తిరిగి ఏడ్చేసింది.

"అన్నా, నీ తోక..."

"తోకదేముందమ్మా. పిల్లలిద్దరూ ఉన్నారు, చూసుకో. నేనిక మిడతల పని చూస్తా."

ఊడిన ఈకలు మళ్లీ మొలవలేదు. వాడు దాచుకోనూ లేదు. అందరికీ కనబడేలా చిటారుకొమ్మనే కూర్చున్నాడు.

అప్పటినుంచే పసులపోలిగాడి తోక నడిమికి చీలి ఉంటుంది. అది కనబడితే గద్ద పక్కకు తప్పుకుంటుంది. గువ్వలు మాత్రం వాడున్న చెట్టే వెతుక్కుని మరీ గూళ్లు కట్టుకుంటాయి.