ముక్కు అరిగిన బుద్ధుడు

అనగనగా అంటే మన ఊరి అనగనగా కాదు. సూర్యుడు మనకంటే ముందే నిద్రలేచే కొరియా దేశపు అనగనగా.

ఆ దేశంలో ఒక కొండ. కొండ మీద సూదుల్లాంటి ఆకుల చెట్లు. ఆ చెట్ల నడుమ ఒక పెద్ద బండ. ఆ బండలో, ఏ కాలంలో ఏ శిల్పి చెక్కాడో గాని, నిలువెత్తు బుద్ధుడు. సగం మూసిన కళ్ళు, భుజాల దాకా దిగిన చెవులు, పెదవుల చివర చిన్న నవ్వు. అన్నీ ఉన్నాయి. ముక్కే సరిగ్గా లేదు.

ఎందుకు లేదంటే, ఆ చుట్టుపక్కల వాళ్ళకి ఒక నమ్మకం. బుద్ధుడి ముక్కు గోకి, ఆ రాతిపొడి నీళ్ళలో కలుపుకుని తాగితే మగపిల్లవాడు పుడతాడట. తరతరాలుగా కోడళ్ళు వచ్చారు, గోకారు, తాగారు. ఆడపిల్ల కావాలని గోకినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

కొండ కింద ఊళ్ళో దల్లే అనే కోడలు ఉండేది. ఆమెకు అయిదేళ్ళ కూతురు, పేరు బోరి. బోరి అంటే వాళ్ళ భాషలో బార్లీ గింజ. గింజలాగే చిన్నది, గింజలాగే గట్టిది. దల్లే భర్త అడవిలో బొగ్గులు కాల్చేవాడు. ఎప్పుడో ఒకసారి ఇంటికొచ్చి, తల్లి ఏం చెప్పినా తల ఊపి వెళ్ళిపోయేవాడు. ఆ తల్లి పేరు ఓక్‌బున్. ఇంట్లో ఆమె మాటే మాట.

ఒక ఉదయం ఓక్‌బున్ కోడలి ముందు కలుపు తీసే తొలిక పడేసింది.

"కొండెక్కి ముక్కుపొడి తీసుకురా. ఈ ఇంటికి మగబిడ్డ కావాలి."

"బోరి ఉంది కదా అత్తయ్యా."

"అదీ ఒక బిడ్డేనా? వినుకో. పొడి తాగావా సరే. తాగలేదా, ఎల్లుండి కొండవతల ఊరి నుంచి మనుషులొస్తారు. దీన్ని వాళ్ళింటికి పెంపుడు కోడలిగా పంపేస్తాను."

ఆ రోజుల్లో అక్కడ అదొక ఆచారం. పాలపళ్ళు ఊడకముందే ఆడపిల్లను అత్తింటికి తోలేసేవారు. పెళ్ళేమో తరువాతెప్పుడో. చాకిరీ మాత్రం ఆ రోజు నుంచే.

దల్లే వంగింది. తొలిక తీసుకుంది. బోరి చెయ్యి పట్టుకుని నడిచింది.

ఎంతో దూరం లేదు. పొయ్యి మీద ఎసరు మరిగేలోపు చేరిపోవచ్చు. తీరా అక్కడికి వెళ్ళి, దల్లే తొలిక మొనను బుద్ధుడి ముక్కుకు ఆనించింది.

"అమ్మా, ఆయనకి నొప్పి పుట్టదా?" అంది బోరి.

"రాయి కదమ్మా."

"మరి రాయయితే కొడుకునెలా ఇస్తాడు?"

దల్లే చెయ్యి ఆగిపోయింది. పిల్ల అడిగిన దాంట్లో తప్పేముంది? నొప్పి తెలియని రాయయితే వరం ఇవ్వలేడు. వరం ఇచ్చేంత దయ ఉన్నవాడయితే, ముఖం గోకుతుంటే నొప్పి పుట్టకుండా ఉంటుందా?

ఆమె వట్టి చేతులతో దిగివచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"పిల్ల చెప్పింది విని వెనక్కొచ్చావా? ఇల్లు భలే ఏలుతున్నావు," అంది ఓక్‌బున్. "రేపు మళ్ళీ వెళ్ళు."

రెండో రోజు దల్లే మళ్ళీ ఎక్కింది. ఈసారి దారిలో ఒక ఉడుత ఎదురయింది. బుగ్గల నిండా గింజలు కుక్కుకుని ఉంది.

"ఏమ్మోయ్, ముఖం వేలాడేశావు?" అంది ఉడుత.

దల్లే సంగతంతా చెప్పింది.

"ఓసి పిచ్చిదానా, ఇంతేనా? దారి పొడుగునా రాళ్ళే. ఒకటి తీసి నూరు. పొట్లం కట్టు. బుద్ధుడి ముక్కు పొడే అని చెప్పి ఇయ్యి. రాతిపొడికి ముక్కేమిటి, మూతేమిటి? ముసలమ్మకి తెలిసి చావదు."

దల్లేకి ప్రాణం లేచొచ్చింది. అక్కడే కూర్చుని ఒక రాయిని ఇంకో రాయి మీద వేసి నూరింది. పొడిని ఆకులో పోసి మడిచింది. నాలుగడుగులు వేసింది. ఆగింది.

"మళ్ళీ ఏమొచ్చింది?" అంది ఉడుత.

"ఇది తాగాక ఒకవేళ నాకు కొడుకే పుట్టాడనుకో. అత్తయ్య ఊరంతా ఏం చెబుతుంది? బుద్ధుడి ముక్కే ఇచ్చిందంటుంది. అప్పుడు ఊళ్ళో కోడళ్ళందరి చేతికీ తొలికలే, తాగనంటే వాళ్ళ ఆడపిల్లలూ అత్తిళ్ళకే. నా కూతుర్ని దక్కించుకోవడానికి వాళ్ళ కూతుళ్ళను పంపించెయ్యనా?"

"అబ్బో, అంత ముందుకు ఆలోచిస్తే నేను ఒక్క గింజ కూడా తినలేను తల్లీ," అని ఉడుత చెట్టెక్కేసింది.

దల్లే పొడిని గాలికి వదిలేసింది. ఇంటికొచ్చి ఆ సంగతి కూడా దాచకుండా చెప్పింది.

ఓక్‌బున్ ముఖం కందగడ్డయింది. "నీకు చేతకాదు. రేపు నేనే వస్తాను. ఎలా గోకాలో చూద్దువుగాని."

మూడో రోజు ముగ్గురూ బయలుదేరారు. తెల్లవారుజామున వాన కురిసి దారంతా తడిగా ఉంది. ఓక్‌బున్ కొండెక్కి చాలా ఏళ్ళయింది. మోకాళ్ళు మొరాయించాయి. చూపు కూడా మసకే. జారుతుందేమోనని దల్లే ఒక పక్క పట్టుకుంది. బోరి రెండో పక్క పట్టుకుంది.

"నన్నెవరూ మొయ్యక్కర్లేదు," అంది ఓక్‌బున్. కాని చేతులు విడిపించుకోలేదు.

బండ దగ్గరికి చేరాక ఆమె తొలిక పట్టుకుని, రెండో చేత్తో బుద్ధుడి ముఖం తడిమింది. నుదురు దొరికింది. కళ్ళు దొరికాయి. వేళ్ళు కిందికి జారి పెదవుల మీదికి వచ్చేశాయి. మళ్ళీ పైకి వెళ్ళాయి. మళ్ళీ జారాయి.

"ముక్కేదే?" అంది.

"ఇంతే మిగిలింది అత్తయ్యా."

"నేను కాపురానికి వచ్చినప్పుడు నిక్షేపంలా ఉండేదే. ఎండ అటు పడితే దాని నీడ ఇటు పడేది."

"మీరూ గోకారా?"

"గోకకపోతే మా అత్త ఊరుకునేదా? మూడుసార్లు తాగించింది."

"ఎవరు పుట్టారు?"

ముసలామె మళ్ళీ ఆ అరిగిన చోటే తడిమింది. "మూడుసార్లూ ఆడపిల్లలే," అంది.

"మరి మీ అబ్బాయి?"

"వాడి వేళకి నాకు నడుం పట్టేసింది. కొండెక్కలేకపోయాను. పొడీ లేదు, ఏమీ లేదు. ఊరికే పుట్టాడు."

ఆ మాట అన్నాక ఆమెకే ఆ మాట వినపడింది. ఇన్నేళ్ళూ నోటిలోనే ఉన్నా ఎన్నడూ చెవికెక్కని మాట.

దల్లే ఎగతాళి చెయ్యలేదు. మెల్లిగా, "ఆ ముగ్గురూ ఏరి అత్తయ్యా?" అని అడిగింది.

"ఎక్కడో ఉన్నారు. పంపేశాంగా. పెద్దది వెళుతూ నా పావడా అంచు పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను." ఓక్‌బున్ చెయ్యి ఇంకా రాతి ముఖం మీదే ఉంది. "దాని ముఖం ఎలా ఉండేదో తలుచుకుందామని ఎన్నోసార్లు కూర్చున్నాను. నుదురు గుర్తొస్తుంది. నవ్వు గుర్తొస్తుంది. మధ్యలో అంతా ఇలాగే, అరిగిపోయి ఉంటుంది."

తొలిక నేల మీద పడింది. ఆమె పడేసిందో, అదే జారిందో.

ఈ మాటలేవీ బోరికి పట్టలేదు. బండ కింది నీటి ఊట పక్కనున్న బంకమట్టి ముద్ద చేసి తెచ్చింది. "నన్నెత్తుకో నాయనమ్మా," అంది.

ఓక్‌బున్ ఎత్తుకుంది. ఆ పిల్లను ఆమె ఎత్తుకోవడం అదే మొదలు. బోరి మట్టిని బుద్ధుడి ముఖం మధ్యలో అద్దింది. ముక్కు వంకరగా, వంకాయంత లావుగా వచ్చింది.

"ఏమే, బుద్ధుడికి ముక్కు పెట్టమంటే తాగుబోతుకి పెట్టావు," అంది ఓక్‌బున్. నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. పిల్ల తన మట్టిచేతులతోనే నాయనమ్మ కళ్ళు తుడిచింది.

కొండ దిగేటప్పుడు దల్లే అడిగింది, "కొండవతల నుంచి వచ్చేవాళ్ళకి ఏం చెప్పమంటారు?"

"నువ్వెందుకు చెప్పడం? పిలిచినదాన్ని నేనే కదా, నేనే చెబుతా. పిల్లను పంపడం లేదని, ఇంకెవరి పిల్లనూ ఇలా అడగొద్దని. వాళ్ళు అలిగితే అలుగుతారు. ఆ తరువాత నా ముగ్గురినీ వెతుకుతూ బయలుదేరతాను. మోకాళ్ళు సహకరించవు. నువ్వూ రావాలి."

"వస్తాను అత్తయ్యా."

అన్నట్టే చేశారు. పెద్దకూతురు దొరికింది. ఆమె వెంటనే తల్లిని క్షమించలేదు. ఎందుకు క్షమించాలి? గుమ్మంలోనే నిలబడి చాలాసేపు చూసింది. తరువాత, "కాళ్ళు కడుక్కో," అంది. ఆ రోజుకి అదే చాలా ఎక్కువ. మిగతా ఇద్దరి కోసం వాళ్ళింకా వెతుకుతూనే ఉన్నారు.

ఇంతకీ దల్లేకి కొడుకు పుట్టాడా అని మీలో ఎవరైనా అడుగుతారేమో. ఈ కథకు ఆ సంగతితో పని లేదు. బోరి మాత్రం ఆ ఇంట్లోనే, అమ్మ పక్కనే, పెరిగి పెద్దదయింది.

రాబోయే బిడ్డ కోసం ఒళ్ళో ఉన్న బిడ్డను తోసేసే ఇంటికి ఏ దేవుడూ వరమివ్వలేడు.