బోడిమెడ కోడి

దస్తగిరికి గొంతు లేదు. మూగవాడని కాదు, నోరు తెరిస్తే పగిలిన కుండ మోగినట్టుండేది. గుట్టమీది దర్గాలో శిష్యులంతా గురువారం సాయంత్రాలు ఒక వరసలో కూర్చుని దేవుడి పాటలు పాడేవాళ్ళు. ఇతను గొంతు కలిపాడంటే చాలు, పాట పక్కదారి పట్టేది. ఎవరూ తిట్టలేదు, పాపం. "నువ్వు కోళ్ళను చూస్తుండు తమ్ముడూ" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు మస్తాన్. తిట్టినా కొంత నయంగా ఉండేది.

అప్పట్నుంచీ అతను కోళ్ళ కొట్టం పక్కనే తిని, అక్కడే పడుకునేవాడు. పాట గాలికి తేలి వస్తుంటే చెవులు మూసుకునేవాడు. ఎంత ఒంటరిగాడైనా ఎంతసేపని కోళ్ళతో మాట్లాడతాడు చెప్పండి?

చివరికొక రోజు మూట కట్టుకుని గురువు మౌలాలి తాత ముందు నిలబడ్డాడు.

"పోతాను తాతా. నేనీడ ఎవరికీ పనికిరాను."

తాత లేచి కొట్టంలోకి వెళ్ళి, మూలన నక్కిన ఒక కోడిపిల్లను పట్టుకొచ్చాడు. దాని మెడ మీద ఒక్క ఈకైనా లేదు. పుట్టుకే అంత. ఎర్రటి ఆ మెడ నిండా తోటి పిల్లలు పొడిచిన గాట్లు.

"ఇది పెద్దదయినాక పోదువులే" అని అతని చేతిలో పెట్టాడు.

"ఇదేం చోద్యం తాతా! ఇది బతికేదేనా?"

తాత అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంకేముంది, ఆ పిల్లకు దస్తగిరి, దస్తగిరికి ఆ పిల్ల. అతని చేతిలో గింజలు తిని, అతని ఒళ్ళోనే ముడుచుకునేది. మిగతా కోళ్ళు దాన్ని దగ్గరికి రానిచ్చేవి కావు. మిగతా మనుషులు ఇతన్ని పిలిచేవాళ్ళు కారు.

ఆ ఏడు ఎండలు నిప్పులు చెరిగాయి. బండల మీద కాలు మోపితే బొబ్బలే. నిండుగా ఈకలున్న కోళ్ళు నోళ్ళు తెరిచి, రెక్కలు జార్చి, ఒగర్చి ఒగర్చి ఒక్కొక్కటే ఒరిగిపోయాయి. బోడిమెడది మాత్రం ఆ మెడ సాగదీసుకుని, నీడలో నేల గీరుకుంటూ తిరిగింది. వానలు పడేనాటికి కొట్టంలో అదీ, నీళ్ళ తొట్టి వదలని ఒక ముసలి పుంజూ మిగిలాయి.

దస్తగిరి తన మూట ఎప్పుడు విప్పాడో అతనికే గుర్తులేదు.

చలికాలం మొదట్లో అది గుడ్లు పొదిగి పిల్లల్ని లేపింది. ఒకే తల్లి, ఒకే తండ్రి, అయినా ఒకటి ఇంకోదానిలా లేదు. కొన్ని తల్లిలా బోడిమెడవి, కొన్ని తండ్రిలా నిండు ఈకలవి. అవి తల్లిని వదిలి తిరిగే ఈడు రాగానే దస్తగిరి వాటిని రెండు గంపల కింద వేరు చేశాడు.

"ఈకలవి మనకెందుకు తాతా? మళ్ళీ ఎండకు చచ్చేవే కదా. ఉరుసు పండగకు కోసేద్దాం. మా బోడివి చాలు" అన్నాడు. 'మా' అంటున్నప్పుడు అతని చూపు పాటలు పాడే అరుగు వైపు పోయింది.

తాత అతని భుజం మీది కంబళి తడిమాడు.

"కత్తి రేపు నూరుకుందువులే. ఈ పూటకు నీ కంబళి ఇట్లా ఇయ్యి నాయనా."

ఇచ్చాడు. అసలే పుష్యమాసం, పైగా గుట్ట. మోకాళ్ళు కావలించుకుని ఎట్లాగో రాత్రి వేగించాడు. తెల్లారుతుండగా వణుకుతూనే వెళ్ళి బోడిమెడల గంప ఎత్తాడు. ఒక పిల్ల కొయ్యబారి ఉంది. మిగతావి ఒకదాన్నొకటి ఆనుకుని గడగడలాడుతున్నాయి.

"అయ్యో నా తల్లీ!" అంటూ చచ్చినదాన్ని గుండెకు అదుముకుని ఏడ్చాడు. తన ఒళ్ళే మంచుముద్దయి ఉంది, దానికేం వెచ్చదనం ఇస్తాడు?

తాత వచ్చాడు. రెండో గంప ఎత్తి, గడగడలాడుతున్న పిల్లల్ని ఒక్కొక్కటే ఈకల పిల్లల మధ్య వదిలాడు. అవి బోడిమెడలు దూర్చుకుంటూ రెక్కల కిందికి చొరబడ్డాయి. ఈకలవి కాస్త గునిసి, ఆనక జరిగి చోటిచ్చాయి. కాసేపటికి అన్నీ సద్దుమణిగాయి.

"ఎండలప్పుడు ఆ బోడిమెడే కదా తాతా బతికింది!" అన్నాడు దస్తగిరి.

"వచ్చేది ఏ కాలమో దేవుడు నీ చెవిలో ఏమన్నా చెప్పిపోయినాడేమిరా?" అన్నాడు తాత. కంబళి తెచ్చి అతని భుజాన వేసి వెళ్ళిపోయాడు.

ఆ గురువారం పాట మొదలయ్యాక దస్తగిరి వెళ్ళి వరస చివర కూర్చున్నాడు. నోరు తెరవలేదు. పక్కన మస్తాన్ గొంతు చలికి వణికి, పాట మధ్యలో తెగిపోతోంది. దస్తగిరి కంబళి విప్పి, సగం అతని మీద కప్పాడు.