పొన్న ఎడమ చెవి

ముందు చేతిలో ఆ అగ్గిపుల్ల కింద పెట్టండి. చెవిలోంచి వేలు కూడా తీయాలి. తీశారా? అయితే వినండి. అనగనగా ఒక దట్టమైన అడవి. ఆ అడవి నడుమ ఒక వాగు. వాగుకి అటూ ఇటూ మనిషెత్తు తుంగ. ఆ వాగు దగ్గర్లో పాతిక దుప్పుల మంద ఒకటి ఉండేది.

ఆ మందలో పొన్న అని ఒక దుప్పి. దానికి గోగు అని మూడు నెలల కూన. ఎక్కడ నీళ్ళు కనపడితే అక్కడ మూతి పెట్టేసే రకం. పొన్న ఆ మందకి కావలి. కావలి అంటే ఆషామాషీ పని కాదు. తల వంచి నీళ్ళు తాగేటప్పుడు దుప్పికి వెనకేముందో కనపడదు, నీళ్ళ గలగలలో ఏమీ వినపడదు. అందుకని రోజూ పొద్దు వాలే వేళ మందంతా వాగులోకి దిగితే, పొన్న మాత్రం ఒడ్డు మీద రాయెక్కి, రెండు చెవులూ నిక్కబొడుచుకుని నిలబడేది. ఏ అలికిడి అయినా ముందు కాలితో రాయిని మూడుసార్లు తన్నేది. మూడు దెబ్బలు పడ్డాయంటే ఎందుకని ఎవరూ అడగరు, పరుగే. అందరూ తాగాకే కావలి తాగాలి.

దిగే ముందు ఇంకో ఆనవాయితీ ఉంది. మంద పెద్ద రేణమ్మ ఆగి, "పొన్నా, చెవులు బాగున్నాయా?" అని అడిగేది. "బాగున్నాయి పెద్దత్తా" అని పొన్న అనేది. అప్పుడే మొదటి కాలు నీళ్ళలో పడేది. అది వాళ్ళ అమ్మమ్మల నాటి నుంచీ ఉన్న మాట. రోజూ అడిగేదే, రోజూ చెప్పేదే. అన్నం తిన్నావా అంటే తిన్నానన్నట్టు, ఎవరూ దాని గురించి ఆలోచించేవాళ్ళు కాదు.

తొలకరి పడింది. వాగు దాటుతుంటే పొన్న ఎడమ చెవిలోకి నీళ్ళు పోయాయి. లోపల ఒకటే దురద. తల పక్కకి వంచి నీళ్ళు కారనిచ్చి ఊరుకుంటే పూటలో తగ్గిపోయేది. ఊరుకుంటేగా! చెట్లకీ రాళ్ళకీ చెవి రాసుకుంటూ తిరిగింది. అది కంకయ్య కంట్లో పడింది.

కంకయ్య ఒక కాకి. మొన్నటి దాకా దుప్పుల వీపు మీద పిడుదులు ఏరుకుని తినేవాడు. మంచి పనే. ఈ మధ్య ఎక్కడో ముళ్ళపంది ముల్లు దొరికింది. అంతే, చెవులు శుభ్రం చేస్తానని బయల్దేరాడు. ముక్కున ముల్లు పట్టుకుని, అడవిలో అందరి తలల మీదా వాలడమే పని.

"ఎంత గులిమి పేరుకుపోయిందో వదినా. ఇంత మట్టి పెట్టుకుని కావలి ఎలా కాస్తున్నావు?" అన్నాడు.

ఆ మాట పొన్నకి గుచ్చుకుంది. నిజానికి గులిమి మట్టి కాదు. దుమ్మూ పురుగూ లోపలికి పోకుండా చెవి తనకి తాను పెట్టుకున్న కాపలా అది. పని అయ్యాక దానంతటది బయటికి వచ్చేస్తుంది. ఆ సంగతి కంకయ్యకీ తెలీదు, పొన్నకీ తెలీదు. పొన్న తల వంచింది. మొదట హాయిగానే ఉంది, కళ్ళు మూతలు పడ్డాయి. ఇంతలో చెవి మీద ఈగ వాలింది. చెవి విదిలించింది. ముల్లు లోపలికి దిగిపోయింది.

టప్పుమని ఏదో తెగినట్టయింది. ప్రాణం పోయినంత నొప్పి. తల దులిపితే ఆకు మీద ఒక నెత్తురు చుక్క పడింది. కంకయ్య బిక్కమొహం వేసి, రేపటికి తగ్గిపోతుందిలే వదినా అంటూ ఎగిరిపోయాడు. ఆ క్షణం నుంచి పొన్న ఎడమ పక్క లోకమంతా దూది కుక్కినట్టయిపోయింది. లోపల గుయ్యిమని ఒకటే రొద.

ఆ సాయంత్రం రేణమ్మ ఎప్పటిలాగే అడిగింది. చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ వాళ్ళమ్మ ఆ రాయి మీదే కావలి కాసింది, వాళ్ళమ్మమ్మా కాసింది. ఇప్పుడు చెబితే ఆ రాయి తోడికోడలు సంపెంగికి పోతుంది. పైగా ముల్లుతో పొడిపించుకున్నానంటే నవ్విపోతారు. ఒక్క రోజేగా అనుకుంది.

"బాగున్నాయి పెద్దత్తా" అంది.

అందరూ తాగుతున్నారు. ఎడమ పక్కన ఎండుకొమ్మ ఒకటి ఫెళ్ళున విరిగి పడింది. మందంతా ఉలిక్కిపడి తలలెత్తింది, ఒక్క కావలి తప్ప. సంపెంగి వింతగా చూసింది. పొన్న తడుముకోకుండా, కొమ్మేనని తెలిసే ఊరుకున్నానని బొంకింది. ఆ తర్వాత కొమ్మ పడిన వైపు నుంచి చూపు తిప్పలేదు.

మర్నాడు పొన్న చెవిపోటని మాత్రం చెబితే, అడవిపంది నూకాలు ఇంటి వైద్యం చెప్పింది. చెవిపోటుకి నూనె పోస్తే చాలట. ఇప్పగింజలు తొక్కి తీసిన నూనె, ఎండకి కాలిన బండ గుంటలో వేడెక్కిన నూనె, నూకాలే ఆ చెవిలో పోసింది. లోపల చిల్లు ఉంటే నూనె ఎక్కడికి పోతుంది? ఇంకా లోపలికి పోయింది. మధ్యాహ్నానికి చెవి భగ్గుమంది, ఎండ తగ్గేసరికి చీము కారడం మొదలైంది. వాసన ఎవరికి తగులుతుందోనని పొన్న మందకి ఎడంగా వెళ్ళి మేసింది.

గోగు వెతుక్కుంటూ వచ్చింది, ఎడమ పక్క నుంచే. అమ్మా అంది. అమ్మ పలకలేదు. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచి, చివరికి తలతో డొక్కలో పొడిచింది. పొన్న అదిరిపడి తిరిగి చూస్తే, కూన కళ్ళనిండా నీళ్ళు.

"ఎందుకమ్మా పలకవు? నా మీద కోపమా?"

పొన్న దాన్ని నాకుతూ ఉండిపోయింది. పక్కనున్న బిడ్డ పిలుపే వినపడలేదంటే, తుంగలో మెత్తటి పాదం పడితే వినపడుతుందా? అయినా సాయంత్రం రేణమ్మ అడిగితే మళ్ళీ బాగున్నాయనే అంది. ఒకసారి అబద్ధం చెప్పాక నిజం చెప్పడం ఇంకా కష్టం మరి.

మూడో రోజు. సాయంత్రం ఎందుకు వస్తుందా అని తెల్లారినప్పటి నుంచీ పొన్న అనుకుంటూనే ఉంది, వచ్చింది. రేణమ్మ అడిగింది. పొన్న బాగున్నాయన్నట్టు తలూపింది. ఆ తలూపు చూసే మంద నీళ్ళలోకి దిగింది.

కుడి పక్కన గోరింకలు పోట్లాడుకుంటున్నాయి, వినపడుతూనే ఉంది. ఎడమ పక్క తుంగ కదులుతోంది. గాలికా? ఇంకేదైనా వస్తోందా? తెలీదు. చెవికి తెలియాల్సింది కంటితో చూద్దామని మెడ అటూ ఇటూ తిప్పింది. అటు చూస్తే ఇటు భయం, ఇటు చూస్తే అటు భయం. ఒకప్పుడు చప్పుడు లేదంటే అక్కడ ఏమీ లేదని అర్థం. ఇప్పుడు చప్పుడు లేదంటే ఏముందో తెలీదని అర్థం. అంతలో గోగు కనపడింది. అందరికీ ఎడమ చివర, తుంగ పక్కనే, మూతి ముంచి తాగుతోంది.

అక్కడికి ఏదైనా వస్తే తనకెలా తెలుస్తుంది? గోగు అరిస్తే తెలుస్తుంది. అప్పటికి ఏం మిగులుతుంది? కాలు తన్నితే ఏం విన్నావని అడుగుతారు, పరువు పోతుంది. తన్నకపోతే, ఆ పైన అనుకోలేకపోయింది. కాలెత్తింది. మూడుసార్లు తన్నింది.

మంద ఒక్కసారిగా గట్టెక్కి, వాలంతా ఎక్కి, పైన బోడిమిట్ట మీద గానీ ఆగలేదు. గోగు అందరికన్నా ముందుంది. రేణమ్మ రొప్పుతూ, ఏం విన్నావని అడిగింది.

"ఏమీ వినలేదు పెద్దత్తా" అంది పొన్న. "ఎడమ పక్క నాకు మూడు రోజులుగా ఏమీ వినపడటం లేదు. నీకు అబద్ధం చెప్పాను."

దాహం తీరకుండా పరుగెత్తించింది ఇందుకా అని సంపెంగి గొణిగింది. రేణమ్మ మాత్రం పొన్నని పట్టి పట్టి చూసింది. కాసేపు ఆగి, సంపెంగితో సహా నలుగురిని వెంటేసుకుని మెల్లగా కిందికి దిగింది. పొన్న వెనకే వెళ్ళింది. గోగు తాగిన చోటికి నాలుగు అడుగుల దూరంలో, తుంగ పక్కన, తడి బురదలో గుండ్రటి పెద్ద పాదాల గుర్తులున్నాయి. చిరుతవి. వాటిలోకి నీళ్ళు ఇంకా ఊరుతున్నాయి.

సంపెంగి రెండడుగులు వెనక్కి వేసింది. పొన్న ఆ గుర్తుల పక్కనే కూలబడి ఏడ్చేసింది.

ఆ సాయంత్రమే పొన్నని బోడెన్న దగ్గరికి తీసుకెళ్ళారు. బోడెన్న అంటే ముసలి కొండముచ్చు, అడవికంతా వైద్యుడు. చెవిని మెల్లగా వెలుతురుకి తిప్పి చూశాడు. పుల్ల పెట్టలేదు, వేలు పెట్టలేదు. జరిగిందంతా విని నుదురు కొట్టుకున్నాడు.

"లోపల ఉల్లిపొర లాంటి పొర ఒకటి ఉంటుందమ్మా. చప్పుడు దాని మీద పడితేనే మనకి వినపడేది. నువ్వు ఆ పొరకి చిల్లు పెట్టించుకుని, ఆ చిల్లులో నూనె పోయించుకున్నావు."

"మళ్ళీ వినపడుతుందా?" అంది పొన్న.

"ఇప్పుడే చెప్పలేను. మొదటి రోజే వస్తే ధైర్యంగా చెప్పేవాణ్ణి. ఇప్పటికైనా వచ్చావు కాబట్టి ఆశ ఉంది. తడి తగలనివ్వకు. ఏమీ పొయ్యకు, ఏమీ పెట్టకు. వారం వారం వచ్చి చూపించు."

చీముకి మందిచ్చి, చెవి బయటి వరకే మెత్తటి ఆకుతో తుడిచి పంపించాడు. ఆ తర్వాత రెండు నెలలు పొన్నకి ఒకటే బెంగ. వాన పడితే పొదలోనే, వాగులో తల ముంచింది లేదు. రాయి మీద సంపెంగి నిలబడేది. కంకయ్య కొత్త ముల్లుతో ఒకసారి వచ్చాడు గానీ, రేణమ్మ చూసిన చూపుకి మళ్ళీ పిడుదులు ఏరుకోవడానికి పోయాడు. ముందు చీము ఆగింది. తర్వాత రొద సన్నగిల్లింది. ఒకరోజు పొన్న కళ్ళు మూసుకుని పడుకుంటే, ఎడమ పక్క నుంచి కరకరమని చప్పుడు వచ్చింది. గోగు గడ్డి కొరుకుతోంది. పొన్న కదలకుండా ఆ చప్పుడే వింటూ ఉండిపోయింది.

మునుపటంత బాగా మాత్రం రాలేదు. ఆ మాట పొన్నే అందరికీ చెప్పింది. అప్పటి నుంచి రాయి మీద ఇద్దరేసి నిలబడుతున్నారు.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం, వాగు దగ్గర ఆగి రేణమ్మ అడిగింది, సంపెంగీ, చెవులు బాగున్నాయా అని. సంపెంగి అలవాటుగా నోరు తెరిచి, ఆగిపోయింది. పొన్న వైపు చూసింది.

"నిన్నటి నుంచి కుడి చెవి దిమ్ముగా ఉంది పెద్దత్తా" అంది.

ఎవరూ నవ్వలేదు. సంపెంగి బోడెన్న చెట్టు వైపు నడిచింది. పొన్న తన ఎడమ పక్కన ఇంకో దుప్పిని నిలబెట్టుకుని రాయెక్కింది. అప్పుడు గోగు నీళ్ళలో మూతి పెట్టింది.

నీతి: చెవిలో పుల్ల పెట్టకూడదు, తోచిన నూనె పోయకూడదు. వినపడకపోతే దాచుకోకుండా ఆ రోజే చెప్పి వైద్యుడికి చూపించుకోవాలి. దాచిన జబ్బు మనకే కాదు, మనల్ని నమ్ముకున్నవాళ్ళకి కూడా ముప్పు.