గెలిచినవాడు లేవాలి

“సమ్మెట నీ చేతికొచ్చిన రోజు హైదరాబాదు పోటీకి నీ పేరే పంపుతా.”

నూర్జహాన్ ఆపా ఈ మాట విప్లవ్‌తో దసరా సెలవుల్లో అంది. గదిలో ఉన్న అందరూ విన్నారు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆమె పంపింది కెజియా పేరు.

కర్నూలు వన్‌టౌన్‌లో, సైకిల్ షాపు పైన ఉంటుంది ఆపా ఆటల గది. ఆడపిల్లలు వీడియో గేమ్ పార్లర్ల వైపు తొంగి చూడని కాలంలో ఆమె అక్కడ మగపిల్లల్ని వరసపెట్టి ఓడించింది. ఇప్పుడు నలభై దాటాయి. కళ్లజోడు పెట్టుకుని, ‘రణధీర’ అనే పోరాట ఆటను పిల్లలకు నేర్పుతుంది. తెర మీద ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు పడేదాకా కొట్టుకుంటారు. ఆటలో యోధులు చాలామంది ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆపా చెప్పేది కొంచెమే.

“ఒక్కణ్ని ఎంచుకో. ఓడిపోయినా వాణ్ని మార్చొద్దు. ముందు దెబ్బ కాచుకోవడం నేర్చుకో.”

విప్లవ్ సమ్మెటను ఎంచుకున్నాడు. సమ్మెట కమ్మరి, భుజం మీద పెద్ద సుత్తితో ఉంటాడు. బలమైన యోధులు ఇంకా ఉన్నారని స్నేహితులు చెబితే విప్లవ్ వినలేదు. “రాజులూ రాకుమారులూ మనకెందుకు? చెమటోడ్చేవాడి పక్షమే నా పక్షం” అన్నాడు. పేరు తండ్రి పెట్టింది. ఆ పేరుకు తగ్గట్టు బతకాలన్న మొండితనం మాత్రం తనది. డిగ్రీ చివరి ఏడాది. సంచిలో ఎప్పుడూ పుస్తకాలుంటాయి, నోట్లో ఎప్పుడూ ఒక నినాదముంటుంది.

కాచుకోవడం నేర్చుకోమంటే అతను నవ్వాడు.

“రక్షణ పాలకుల భాష ఆపా. దాడి ప్రజల భాష.”

“అట్లనే కానీ. ముందు దెబ్బ తినకుండా నిలబడు. తర్వాత ఏ భాషలోనైనా మాట్లాడుకో.”

ఆ గదిలో ఒక పద్ధతుంది. ఆట ముగిశాక గెలిచినవాడు లేచి అవతలి కుర్చీలోకి మారాలి. ఎడమ కుర్చీలో కూర్చున్నవాడి యోధుడు తెరకు ఎడమవైపున మొదలుపెడతాడు, కుడి కుర్చీలో ఉన్నవాడి యోధుడు కుడివైపున. చేరిన రోజున ఈ పద్ధతికి అందరూ మాట ఇస్తారు. విప్లవ్ కూడా ఇచ్చాడు.

మొదట్లో పాటించాడు కూడా. ఎడమవైపు కూర్చుంటే చేయి బాగా ఆడుతోందని తెలిశాక లేవడం మానేశాడు.

“గెలిచినవాణ్ని లేపడం ఏం న్యాయం? ఎందుకో చెప్పని ఆచారాన్ని ధిక్కరించడమే మొదటి పోరాటం” అన్నాడు.

అతనితో వాదించలేక మిగతావాళ్లు వదిలేశారు. ఆపా టీ తాగుతూ చూసింది. ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎడమ కుర్చీ అతనిదైపోయింది. అందులో కూర్చుంటే గదిలో అతన్ని ఓడించేవాడు లేడు.

అందుకే కెజియా పేరు విన్నాక అతని ఒళ్లు మండింది. గది తరఫున హైదరాబాదుకు వెళ్లేది ఒక్కరే. ఏడాదికొక్కసారే. వచ్చే ఏడాదికి అతను ఈ ఊళ్లో ఉంటాడో లేదో.

మధ్యాహ్నం గది నిండా జనం ఉండగా వచ్చాడు. తలుపు పక్కన, ఎవరి వంతు ఎప్పుడో రాసుకునే తెల్ల బోర్డు ఉంటుంది. దాన్ని శుభ్రంగా తుడిచి ఎర్ర పెన్నుతో రాశాడు:

మాట తప్పింది ఎవరు? నూర్జహాన్ ఆపా.
పద్దెనిమిదో తేదీలోగా జవాబు చెప్పాలి.

పేర్లు మార్చుకోవడానికి చివరి రోజు అదే.

ఆడుతున్నవాళ్లు ఆపేసి బోర్డు వైపు తిరిగారు. మూలనున్న యంత్రంలోంచి ఒక యోధుడు గెలిచిన సంగీతం మాత్రం మోగుతూనే ఉంది. ఎవరో దాని గొంతు తగ్గించారు.

ఆపా కళ్లజోడు సర్దుకుని బోర్డు చదివింది. రెండోసారి కూడా చదివింది.

“చేతిరాత బాగుందప్పా” అంది.

“నవ్వులాట కాదు ఆపా. ప్రశ్నకు భయపడేవాళ్లే నవ్వుతారు.”

“భయపడలేదులే. రా, ఆడు. కెజియా, నువ్వు కూడా రా.”

కెజియా నర్సింగ్ రెండో ఏడాది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఇంకా తెల్ల యూనిఫారంలోనే ఉంది. బోర్డు వైపు చూడకుండా వచ్చి నిలబడింది.

“నేను అడగలేదన్నా. ఆపానే పంపింది” అంది మెల్లగా.

“నీ మీద కోపం లేదు. వ్యక్తులతో కాదు నా పోరాటం” అన్నాడు విప్లవ్. “అయినా రాణీగారితో ఆడేవాళ్లకు సింహాసనాలు వాటంతటవే వస్తాయిలే.”

ఆమె ఆడేది చంద్రికారాణి పాత్రతో.

“మా రాణి కూడా డ్యూటీ చేస్తాది అన్నా” అంది కెజియా.

ఎవరో కిసుక్కున నవ్వారు. విప్లవ్ చెవులు ఎర్రబడ్డాయి. గబగబా ఎడమ కుర్చీ దగ్గరికి వెళ్లాడు.

కుర్చీ మీద ఆపా టీ గ్లాసు ఉంది. సగం తాగిన టీలోంచి ఇంకా ఆవిరి వస్తోంది.

“అది తీయండి ఆపా. నేను కూర్చోవాలి.”

“అటు ఖాళీగానే ఉందిగా.”

“ఇది నా కుర్చీ.”

ఆపా గ్లాసు తీసి చేత్తో పట్టుకుని, కెజియాకు ఆ కుర్చీ చూపించింది. కెజియా కూర్చుంది. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయని విప్లవ్‌కు తెలుస్తోంది. కుడి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఏ కుర్చీ అయితేనేం? సిద్ధాంతం గట్టిదైతే చాలు” అన్నాడు.

మూడు పోట్లాటల్లో రెండు గెలిచినవాళ్లదే ఆట.

సమ్మెట సుత్తి వేటు వేయాలంటే స్టిక్కును కిందికి లాగి, శత్రువున్న వైపు తోసి, బటన్ నొక్కాలి. విప్లవ్ చేయి ఆ పని కళ్లు మూసుకుని చేయగలదు. చేసింది కూడా. కానీ చేయి తోసింది అలవాటైన కుడివైపుకు; ఇప్పుడు శత్రువు ఎడమవైపున ఉంది. తెర మీద సమ్మెట సుత్తి ఎత్తలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

విప్లవ్ మళ్లీ తోశాడు. సమ్మెట మళ్లీ వెనక్కి నడిచాడు.

“ప్రజలు వెనకడుగు వేస్తున్నారబ్బా” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

“నోర్ముయ్!”

రాణి కొరడా విసిరింది. విప్లవ్ పళ్లు బిగించి, ఒక్కో కదలికనూ మనసులో తిప్పుకుని నొక్కుతున్నాడు. ఆలోచించేలోపు దెబ్బ పడుతోంది. చేయి చెమటకు జారుతోంది. ఇక లాభం లేదని సమ్మెటను గాల్లోకి లేపాడు. రాణి తల మీదుగా దూకి ఎడమవైపు చేరితే చాలు, అక్కడ అంతా తనకు తెలిసిందే.

రాణి కదలలేదు. దిగేచోట నిలబడి, దిగుతున్నవాణ్ని కొట్టింది. అతను మళ్లీ దూకాడు. మళ్లీ అక్కడే కొట్టింది. మొదటి పోట్లాట పోయింది.

రెండోదాంట్లో ఎలాగో దూకి ఎడమవైపు చేరాడు. అంతే, చేతులకు ప్రాణం వచ్చింది. సుత్తి ఒకదాని వెంట ఒకటి పడింది. రాణి బలం సగానికి, సగంలో సగానికి పడిపోయింది. వెనక ఉన్నవాళ్లు కుర్చీల మీద నుంచి లేచారు. కెజియా పెదవి కొరుక్కుంటోంది. ఇంకొక్క వేటు పడితే చాలు.

కెజియా రాణిని చిన్నగా దూకించింది. పెద్ద గెంతేం కాదు. సమ్మెట నెత్తి మీదుగా వచ్చి, అతని వెనక దిగింది.

ఇప్పుడు శత్రువు మళ్లీ ఎడమవైపుంది.

విప్లవ్ చేయి ఎప్పటిలాగే కుడివైపు తోసింది. సమ్మెట ఒక అడుగు వెనక్కి వేశాడు. కొరడా ఆగకుండా పడింది. సమ్మెట మోకాళ్ల మీద కూలాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

విప్లవ్ తెర వైపే చూస్తూ ఉండిపోయాడు.

“నేను దూకుతానని నీకెట్లా తెలిసింది?” అని అడిగాడు.

కెజియా ఇబ్బందిగా ఆపా వైపు చూసింది. ఆపా తల ఊపింది.

“నువ్వెప్పుడూ ఎడమవైపే పోవాలనుకుంటావు కదన్నా. కుడివైపు ఎప్పుడు పడ్డా దూకుతావు. మేమంతా చూసినాం. నువ్వే...” అని ఆగిపోయింది.

“నేనే చూడలేదు.”

కెజియా స్టిక్కు వదిలింది. లేచి నిలబడింది. గెలిచింది కాబట్టి, కుర్చీ మారడానికి.

ఆమె అతని కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డాక విప్లవ్‌కు అర్థమైంది, ఆమె ఎందుకు ఎదురుచూస్తోందో. ముఖం కందిపోయింది. ఇంకా ఒక మాట మిగిలే ఉంది. ఆపా వైపు తిరిగాడు.

“తప్పు చేస్తున్నానని తెలిసి కూడా ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు? మౌనం కూడా మోసమే ఆపా!”

ఆపా చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగి గ్లాసు కిటికీలో పెట్టింది.

“లేవమంటే లేచేవాడివా?”

విప్లవ్ ఖాళీ అయిన ఎడమ కుర్చీ వైపు చూశాడు.

“సమ్మెట నీ చేతికొచ్చినాడా?” అని ఆమె మళ్లీ అడిగింది.

విప్లవ్ స్టిక్కు మీద నుంచి చేయి తీశాడు.

“ఒకవైపే.”

“హైదరాబాదులో ఎవరు ఏ వైపు కూర్చోవాలో నాణెం వేసి చెప్తారప్పా. పద్దెనిమిది దాకా పేరు మార్చుకోవచ్చు. కెజియాకు కూడా తెలుసు.”

కెజియా తల ఊపింది. “రోజూ డ్యూటీ అయినాక వస్తా అన్నా. ఆడదాం. ఊరికే ఇచ్చేయను మరి.”

ఆపా వెళ్లి మూలనున్న యంత్రం గొంతు మళ్లీ పెంచింది. గదిలో మాటలు మెల్లగా మొదలయ్యాయి. ఎవరో బోర్డు తుడవబోయారు.

“ఉండనీ” అన్నాడు విప్లవ్.

తనే లేచి బోర్డు దగ్గరికి వెళ్లాడు. ఆపా పేరు ఉన్నచోట మాత్రం అరచేత్తో తుడిచాడు. ఎర్ర రంగు చేతికి అంటుకుంది. పెన్ను మూత తీసి, అక్కడ రాశాడు. తర్వాత వచ్చి, కుడి కుర్చీ కెజియాకు వదిలేయకుండా, “ఈ పద్ధతి నాకోసం కొన్నాళ్లు ఆపుతావా? ఈ వైపు నా చేతికొచ్చేదాకా నేను ఇక్కడే కూర్చుంటా” అని కెజియాను అడిగి, మళ్లీ అందులోనే కూర్చున్నాడు.

బోర్డు మీద ఇప్పుడు ఇలా ఉంది:

మాట తప్పింది ఎవరు? విప్లవ్.
పద్దెనిమిదో తేదీలోగా జవాబు చెప్పాలి.