నూకరత్నం కాల్చిన గూళ్లు

చీమకూ మనిషికీ మాట కలిసే రోజుల్లో, గోదావరి కాలువ పక్కన ఒక కొబ్బరితోట ఉండేది. కొబ్బరిచెట్ల నీడలో కోకో చెట్లు. ఆ తోటను కౌలుకు చేసేది నూకరత్నం. మంచి పనిమంతురాలే, కానీ కోపం ముక్కు మీదే ఉండేది.

ఆ కోకో కొమ్మల్లో ఎర్రచీమలు ఆకులు అతికించి గూళ్లు కట్టుకున్నాయి. ఒకనాడు కాయలు కోస్తుంటే ఒక చీమ ఆమె కనురెప్ప మీద కుట్టింది. ఇక చూడాలి ఆమె కోపం! ఎండు కొబ్బరిమట్ట వెలిగించి, తనకు కనబడిన గూళ్లన్నీ కాల్చేసింది.

కొమ్మ మీది దోమపురుగు నవ్వింది. "మంచిపని చేశావమ్మా. నేను చూడు, నిన్నెప్పుడైనా కుట్టానా?"

"నువ్వు బుద్ధిమంతురాలివి" అని మెచ్చుకుంది నూకరత్నం. అమాయకురాలు! ఆ పురుగు ఆమెను కుట్టదు, ఆమె కాయలను కుట్టి రసం తాగుతుంది.

నెల తిరిగేసరికి కాయలన్నిటికీ నల్లమచ్చలు. పిందెలు ఎండిపోయాయి. తోట యజమాని రాజుగారు చూసి మండిపడ్డారు.

"వచ్చే పున్నమికి వస్తాను. కొత్త పిందెల మీద మచ్చ కనబడిందా, చెట్లన్నీ నరికించేస్తాను. నీ కౌలు కూడా అంతటితో సరి" అన్నారు.

ఆ మచ్చలు దోమపురుగుల పనేనని నూకరత్నానికి అప్పుడు తెలిసింది. మొదట బూడిద చల్లింది. వాన కడిగేసింది. తర్వాత వేపాకు పొగ పెట్టింది. పురుగులు ఎగిరిపోయి, పొగ ఆరగానే తిరిగొచ్చాయి. పున్నమి పదిహేను రోజుల్లోకి వచ్చింది.

అప్పుడు గమనించింది. గట్టు మీది మామిడిచెట్టును ఆనుకున్న ఒక్క కోకో చెట్టుకు మాత్రం మచ్చ లేదు. మామిడిలోంచి ఎర్రచీమలు వచ్చి, ఒక దోమపురుగును కాళ్లు పట్టి ఈడ్చుకుపోతున్నాయి.

నూకరత్నం చేతులు జోడించింది. "చీమతల్లీ, మీరంతా నా తోటకు రారా?"

"మా వాళ్లను కాల్చింది ఎవరు?" అని అడిగింది గూటి మీది ముసలి చీమ.

అబద్ధం చెప్పవచ్చు. ఆమె చెప్పలేదు. "నేనే. కోపంలో కళ్లు కనబడలేదు. తప్పు నాదే."

"వస్తాం. కానీ కుట్టడం మానలేం. మా గూడు నీ చేతుల మీద మోయాలి. ఒక్క చీమ నలిగినా వెనక్కి పోతాం."

నూకరత్నం గూడున్న కొమ్మ కోసి చేతుల మీద పెట్టుకుంది. చీమలు మోచేతులెక్కాయి, మెడకెక్కాయి, కుట్టాయి. ఆమె పళ్లు బిగించి నడిచింది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నా చెయ్యి విదల్చలేదు. గూటిని తోట నడుమ చెట్టుకు కట్టింది. అలా మూడు గూళ్లు మోసింది. చీమలు నడిచేందుకు చెట్టు నుంచి చెట్టుకు కొబ్బరిపీచు తాళ్లు కట్టింది.

పున్నమినాడు రాజుగారు గొడ్డళ్లవాళ్లతో దిగారు. మొదటి చెట్టు చూశారు. రెండోది చూశారు. మూడో చెట్టు పిందెను తిప్పి చూస్తుండగా ఒక చీమ ఆయన వేలు కుట్టింది.

"అబ్బా!" అని చెయ్యెత్తారు.

"కొట్టకండి రాజుగారూ! ఈ తోటను కాపాడింది అవే. వాటి గూళ్లు కాల్చి తోటను చెడగొట్టింది నేను" అంది నూకరత్నం.

రాజుగారు వాచిన ఆమె చేతులు చూశారు, మచ్చలేని పిందెను చూశారు. ఎత్తిన చెయ్యి దించి, గొడ్డళ్లవాళ్లను ఇంటికి పొమ్మన్నారు.

పిల్లలూ, మనల్ని నొప్పించినంత మాత్రాన ఎవరూ శత్రువు కారు. కోపంలో చేసిన తప్పును ఒప్పుకుని దిద్దుకున్నవారికే చేసిన కష్టం దక్కుతుంది.